స్లైడ్ చూసింది ఎవరు? యోని ఇన్ఫెక్షన్ పరీక్షలకు అమెరికా క్లెయిముల్లో కోడ్ పడే తీరు

చార్ట్ చిన్నదే. ఇరవై తొమ్మిదేళ్ల మహిళ. వారం రోజులుగా తెల్లబట్ట అవుతోంది, వాసన వస్తోంది, కొంచెం దురద కూడా ఉంది. డాక్టర్ పరీక్ష చేసి వరసగా రాశారు: పీహెచ్ 5.0. వెట్ ప్రెప్‌లో క్లూ సెల్స్ ఉన్నాయి, ట్రైకోమోనాస్ కనపడలేదు. కేఓహెచ్‌లో ఈస్ట్ లేదు. విఫ్ పాజిటివ్. కింద డయాగ్నసిస్ బ్యాక్టీరియల్ వజైనోసిస్. మందు మెట్రోనిడజోల్ 500 ఎంజీ, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు.

ఇది నిజమైన పేషెంట్ చార్ట్ కాదు. కొత్తగా చేరిన మెడికల్ కోడర్లకు, అంటే పేషెంట్ చార్ట్ చదివి బీమా క్లెయిమ్ కోసం కోడ్ నంబర్లు వేసేవాళ్లకు, పాఠం చెప్పడానికి నేను రాసి పెట్టుకున్నది. ఇచ్చిన ప్రతిసారీ ఒక్కొక్కరు ఒక్కో జవాబు తెస్తారు. ఒకరు 87210 ఒక్కటే వేసి ఊరుకుంటారు. ఒకరు 87220 కూడా తగిలిస్తారు. ఇంకొకరు కనపడిన ప్రతి లైనుకూ ఒక కోడ్ వేసుకుంటూ పోతారు. "మేడమ్, టెస్టులు ఎన్ని చేశారో అన్ని కోడ్లు వెయ్యాలి కదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. తిప్పలన్నీ 'టెస్ట్' అనే మాట దగ్గరే ఉన్నాయి. డాక్టర్ లెక్కలో టెస్ట్ వేరు, కోడ్ పుస్తకం లెక్కలో టెస్ట్ వేరు, డబ్బు కట్టే బీమా సంస్థ, అంటే పేయర్ లెక్కలో మళ్లీ వేరు.

హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు ఒక్కరైనా తగులుతున్న రోజులివి. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే కోడర్ సర్టిఫికెట్ పరీక్ష రాసి వస్తారు. ఆ పరీక్షలో నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు, పాసవ్వాలంటే 70 శాతం రావాలి. కానీ అందులో లేని ఇబ్బంది ఒకటి ఆఫీసు ఫ్లోర్ మీద కనపడుతుంది. గైనకాలజీ చార్ట్ రాగానే కొందరు గబగబా కిందికి జరిపేస్తారు. 'వజైనల్' అన్న మాట పక్క సీటుకు వినపడకుండా పలుకుతారు. సిగ్గుపడి తొందరగా చదివిన చార్ట్‌లోనే లైన్లు జారిపోతాయి. అది ఒంట్లో ఒక భాగం, అంతే. మోకాలి చార్ట్ ఎలా చదువుతామో దీన్నీ అలాగే చదవాలి.

ముందు ఆ గదిలో ఏం జరిగిందో చూద్దాం. డాక్టర్ స్వాబ్‌తో స్రావం తీసుకుంటారు. కొంచెం పీహెచ్ పేపర్ మీద రాస్తారు. మామూలుగా పునరుత్పత్తి వయసులో యోని ఆమ్లంగా, 4.5 లోపు ఉంటుంది. మిగతాది రెండు స్లైడ్ల మీదికి పోతుంది. ఒకదాని మీద ఉప్పునీటి చుక్క, అంటే సెలైన్. రెండోదాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్, అదే కేఓహెచ్. సెలైన్ స్లైడ్‌లో రెండు విషయాలు వెతుకుతారు. అంచులు మసకబారేంతగా బ్యాక్టీరియా పట్టిన కణాలు, అవే క్లూ సెల్స్. ఈదుతూ కదిలే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి. కేఓహెచ్ పడిన స్లైడ్‌లో మామూలు కణాలు కరిగిపోయి ఈస్ట్ పోగులు తేలిగ్గా కనపడతాయి. కేఓహెచ్ చుక్క పడగానే నీచు వాసన గుప్పుమంటే విఫ్ పాజిటివ్. పల్చగా ఒకే తీరుగా ఉన్న స్రావం, క్లూ సెల్స్, 4.5 దాటిన పీహెచ్, నీచు వాసన. ఈ నాలుగింటిలో మూడుంటే బ్యాక్టీరియల్ వజైనోసిస్ అని ఆమ్సెల్ బృందం 1983లో చెప్పింది. క్లినిక్‌లలో ఇప్పటికీ అదే కొలబద్ద.

డాక్టర్‌కి ఇదంతా కలిపి ఒకటే పని, ఐదు నిమిషాల పని. కోడర్‌కి మాత్రం ఇందులో విడదీయాల్సినవి ఉన్నాయి.

కోడ్ పడేది పనికి

క్లెయిమ్ మీద రెండు రకాల కోడ్లుంటాయి. ఏం చేశారు అన్నదానికి సీపీటీ కోడ్. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966 నుంచి తెస్తున్న పుస్తకం అది. దానికి తోడు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ని నడిపే సంస్థ సీఎంఎస్ పెట్టిన హెచ్‌సీపీసీఎస్ రెండో స్థాయి కోడ్లు, అక్షరంతో మొదలయ్యేవి. ఎందుకు చేశారు అన్నదానికి జబ్బుల కోడ్లు, అంటే ఐసీడీ-10-సీఎం, 2015 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు జబ్బు పేరు పట్టుకుని సీపీటీ వెతకడం. 'ట్రైకోమోనాస్' అని వెతికితే మూడు నాలుగు కోడ్లు వస్తాయి. వాటి మధ్య తేడా జబ్బులో లేదు, దాన్ని పట్టుకున్న పద్ధతిలో ఉంది. కంటితో చూశారా, యాంటీజెన్ పట్టీతో చూశారా, డీఎన్ఏ ప్రోబ్‌తోనా, పీసీఆర్‌తోనా? ఇది తేలితే తప్ప కోడ్ తేలదు.

మన చార్ట్‌లో మైక్రోస్కోప్‌తో చూశారు కాబట్టి 87210. స్రావాన్ని నేరుగా స్లైడ్ మీద పెట్టి, ఇన్ఫెక్షన్ కారకాల కోసం చూసి, ఏముందో చెప్పే వెట్ మౌంట్ కోడ్ ఇది. దాని వివరణలోనే ఉదాహరణలుగా సెలైన్, ఇండియా ఇంక్, కేఓహెచ్ మూడూ ఉన్నాయి. మరి 87220 ఎందుకు వస్తోంది? అందులోనూ 'కేఓహెచ్ స్లైడ్' అన్న మాట ఉంది కాబట్టి. వివరణ చివరిదాకా చదివితే అది చర్మం, వెంట్రుకలు, గోళ్ల నుంచి తీసిన నమూనాకు అని ఉంటుంది. తామర, గజ్జి వెతికే కోడ్ అది. యోని స్రావానికి దాన్ని వేస్తే చూడగానే దొరికిపోతాం. సాఫ్ట్‌వేర్‌లో 'కేఓహెచ్' అని కొట్టి, మొదట వచ్చినదాన్ని నొక్కే అలవాటు వల్ల వచ్చే తప్పు ఇది. ప్రొడక్షన్ టార్గెట్ ఒత్తిడి ఎలాంటిదో నాకూ తెలుసు. కానీ మొత్తం వాక్యం చదవడానికి పది సెకన్లు చాలు.

సెలైన్ ఒకటి, కేఓహెచ్ ఒకటి, రెండు స్లైడ్లు కదా, 87210 రెండుసార్లు వేయొచ్చా? దీని మీద పేయర్లందరిదీ ఒకే మాట కాదు. క్లయింట్ ఇచ్చిన గైడ్‌లైన్‌లో పేయర్ పాలసీ ఏముంటే అదే. అది లేకుండా రెండో యూనిట్ వేయడం నాకు ఇష్టం ఉండదు. ఈ కోడ్‌కి వచ్చేది కొద్ది డాలర్లు, ఆడిట్‌లో పోయేది అంతకంటే ఎక్కువ.

పీహెచ్‌కి 83986. రక్తం కాని శరీర ద్రవం పీహెచ్ చూస్తే వేసేది. విఫ్ దగ్గర తకరారు ఉంది. యోని స్రావంలో ఆ నీచు వాసన తెచ్చే అమీన్లు ఉన్నాయో లేదో చెప్పే పరీక్షకు 82120 అని కోడ్ ఉంది. పీహెచ్, అమీన్లు రెండూ చేస్తే రెండు కోడ్లూ వేయమని సీపీటీయే చెబుతుంది. అయితే డాక్టర్ స్లైడ్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం 82120 అవుతుందా? అవుతుందనే కోడర్లున్నారు, వెట్ మౌంట్‌లో భాగమే అనేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను, అమీన్ టెస్ట్‌ని విడిగా ఆర్డర్ చేసి, ఫలితాన్ని విడిగా రాస్తే తప్ప వేయను. 'విఫ్ ప్లస్' అని రెండు మాటలు చూసి ఒక కోడ్ లేపితే, రేపు ఆడిటర్ ముందు దాన్ని నిలబెట్టాల్సింది మనమే.

క్లియా అనే గేటు

ఇక్కడిదాకా సగమే అయింది. కోడ్ సరైనదే, పరీక్ష నిజంగానే చేశారు, అయినా క్లెయిమ్ తిరిగొస్తుంది. కారణం క్లియా.

1980ల్లో అమెరికాలో పాప్ స్మియర్ స్లైడ్లను స్లైడుకింత అని కూలి లెక్కన, హడావుడిగా చదివించిన ల్యాబులు బయటపడ్డాయి. క్యాన్సర్ కణాలున్న స్లైడ్లకు బాగానే ఉందని రిపోర్టులు వెళ్లాయి, ఆడవాళ్లు చనిపోయారు. ఆ గొడవ నుంచే 1988లో క్లియా చట్టం వచ్చింది. మనిషి నుంచి తీసిన నమూనా మీద, వైద్యం కోసం పరీక్ష చేసే ప్రతి చోటికీ, అది డాక్టర్ గది మూలనున్న బల్ల అయినా సరే, ఫెడరల్ సర్టిఫికెట్ ఉండాలి.

సర్టిఫికెట్లలో మెట్లున్నాయి. అన్నిటికంటే కింద వేవర్ సర్టిఫికెట్: తప్పు జరిగే అవకాశం చాలా తక్కువని తేల్చిన తేలిక పరీక్షలు, అంటే వేవ్డ్ పరీక్షలు మాత్రమే దీంతో చేసుకోవచ్చు. పీహెచ్ పేపర్ రంగు చూడడం ఇందులోకి వస్తుంది. అలాంటి క్లినిక్ 83986 వేసేటప్పుడు పక్కన క్యూడబ్ల్యూ మోడిఫయర్ పెట్టాలి. 'ఇది వేవ్డ్ పద్ధతిలో చేశాం' అని పేయర్‌కి చెప్పే గుర్తు అది. మోడిఫయర్ మర్చిపోతే, ఈ క్లినిక్‌కి ఈ పరీక్ష చేసే అర్హత లేదని వెనక్కి కొడతారు.

మైక్రోస్కోప్ వేవ్డ్ కాదు. స్లైడ్‌లో ఏముందో గుర్తుపట్టాలంటే చదువు, అనుభవం కావాలి. అలాగని నమూనాని ల్యాబ్‌కి పంపుదామంటే కుదరదు. ట్రైకోమోనాస్ బతికి కదులుతున్నంత సేపే మైక్రోస్కోప్‌లో తేలిగ్గా దొరుకుతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం వెట్ మౌంట్ వెంటనే చూసినా ఈ జబ్బున్నవాళ్లలో 44 నుంచి 68 శాతం మందిలోనే పట్టుకుంటుంది. గంట గడిస్తే అది 20 శాతానికి పడిపోతుంది. అందుకే మధ్యలో ఒక మెట్టు పెట్టారు. పీపీఎం, అంటే ప్రొవైడర్ స్వయంగా చేసే మైక్రోస్కోపీ. పేషెంట్ అక్కడే ఉండగా, ఆమెను చూస్తున్న డాక్టరో, నర్స్ ప్రాక్టీషనరో, ఫిజీషియన్ అసిస్టెంటో, నర్స్ మిడ్‌వైఫో తన కళ్లతో తానే చూడాలి. మెడికల్ అసిస్టెంట్ చూడకూడదు. ఎంత అనుభవమున్న నర్సయినా పీపీఎం కింద స్లైడ్ చూడకూడదు.

కోడ్ మారేది కూడా ఇక్కడే. పీపీఎం సర్టిఫికెట్ ఉన్న క్లినిక్ మెడికేర్‌కి బిల్ చేస్తే వెట్ మౌంట్‌కి 87210 కాదు, క్యూ0111. యోని, గర్భాశయ ముఖద్వారం, చర్మం నమూనాల వెట్ మౌంట్ అని దాని వివరణ. కేఓహెచ్ స్లైడ్‌కి విడిగా క్యూ0112. వీటికి క్యూడబ్ల్యూ పెట్టకూడదు. పీపీఎం వేవ్డ్ కంటే పై మెట్టు, ఆ మోడిఫయర్ పెడితే మనమే తప్పు చెప్పినట్టు. అదే స్లైడ్‌కి 87210, క్యూ0111 రెండూ కలిపి వేయడం ఎక్కడా చెల్లదు.

మెడికేర్ అంటే ప్రధానంగా 65 దాటినవాళ్లకు కదా, వాళ్లకి ఈ పరీక్షలెందుకు అని ఒకసారి ఒక అబ్బాయి అడిగాడు. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ తగ్గి యోని పొర పల్చబడుతుంది, మంట, దురద, స్రావం వస్తాయి. ఇన్ఫెక్షన్ లేకపోయినా పీహెచ్ పైకి పోతుంది. ఇన్ఫెక్షనా, వయసుతో వచ్చినదా అని తేల్చడానికే స్లైడ్ చూస్తారు. వయసుతో వచ్చినదైతే డయాగ్నసిస్ ఎన్95.2. మన ఇళ్లలో అమ్మమ్మలు ఎవరికీ చెప్పుకోకుండా భరించే బాధ ఇది, కోడ్ నంబర్ ఉన్నంత మామూలు సంగతి అయినా.

క్లెయిమ్ ఫారం సీఎంఎస్-1500లో 23వ గడిలో క్లియా నంబర్ ఉండాలి. పది అక్షరాల నంబర్, మూడోది ఎప్పుడూ 'డీ'. కోడర్ పని కాదులే, బిల్లింగ్ వాళ్లు చూసుకుంటారని వదిలేస్తాం. ఆ క్లినిక్‌కి ఏ సర్టిఫికెట్ ఉందో తెలియకుండా 87210, క్యూ0111లలో ఏది వేయాలో ఎలా తెలుస్తుంది?

పట్టీలు, కిట్లు, పీసీఆర్

మైక్రోస్కోప్ పెట్టుకునే ఓపిక లేని క్లినిక్‌లు కిట్లు వాడతాయి. ట్రైకోమోనాస్ యాంటీజెన్‌ని పట్టీ మీద గీతగా చూపించే ఆసమ్ ట్రైకోమోనాస్ కిట్ లాంటివాటికి 87808. బ్యాక్టీరియల్ వజైనోసిస్‌లో పెరిగే సయాలిడేజ్ అనే ఎంజైమ్‌ని రంగు మార్పుతో చూపించే బీవీబ్లూ లాంటివాటికి 87905. రెండూ వేవ్డ్‌గా దొరుకుతాయి కాబట్టి వేవర్ క్లినిక్‌లో క్యూడబ్ల్యూ తప్పనిసరి. వెట్ మౌంట్‌లో ట్రైకోమోనాస్ కనపడక, అనుమానం తీరక యాంటీజెన్ పట్టీ కూడా వాడితే అవి రెండు వేరు పద్ధతులు, రెండు కోడ్లు. అనుమానం ఎందుకు మిగిలిందో మాత్రం నోట్‌లో ఉండాలి.

డీఎన్ఏ వైపు వెళ్తే నంబర్లు జంటలుగా ఉంటాయి, ఒక అంకె తేడాతో. డైరెక్ట్ ప్రోబ్ అయితే క్యాండిడా అనే ఈస్ట్‌కు 87480, వజైనోసిస్‌లో కనపడే గార్డ్‌నెరెల్లా బ్యాక్టీరియాకు 87510, ట్రైకోమోనాస్‌కు 87660. యాంప్లిఫైడ్, అంటే డీఎన్ఏ నకళ్లు పెంచి చూసే పీసీఆర్ లాంటి పద్ధతైతే 87481, 87511, 87661. ఒక్క అంకె. రిపోర్ట్ మీద 'ప్రోబ్' అని ఉందా, 'యాంప్లిఫికేషన్' అని ఉందా చూసుకోకపోతే పరీక్షే మారిపోతుంది.

అసలు డబ్బు తేడా ఉన్నదీ ఇక్కడే. వెట్ మౌంట్ ఐదారు డాలర్ల పని. పలు బ్యాక్టీరియాల డీఎన్ఏని కలిపి లెక్కగట్టి, బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఉందో లేదో చెప్పి, క్యాండిడా, ట్రైకోమోనాస్ సంగతి కూడా చెప్పే ప్యానెల్‌కి 2021లో 81514 అని ఒకే కోడ్ వచ్చింది. మెడికేర్ ల్యాబ్ ఫీజు పట్టికలో అది 260 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. వజైనోసిస్ ఒక్కటే, ఆర్ఎన్ఏతో చూసేదానికి 81513. ఇలాంటి ప్యానెల్‌కి ఒకే కోడ్ ఉన్నాక దాన్ని విడగొట్టి ఒక్కో క్రిమికీ ఒక్కో కోడ్ వేస్తే అన్‌బండ్లింగ్ అంటారు. పేయర్లు దీని మీద కళ్లు పెట్టుకుని కూర్చుంటారు. స్లైడ్ చూడడం తగ్గి ప్యానెల్ పంపడం పెరిగితే బిల్లు ఎంత మారుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. పీసీఆర్ మైక్రోస్కోప్ కంటే బాగా పట్టుకుంటుంది, కాదనను. కానీ క్లూ సెల్స్ కళ్లముందే కనపడి, మందు రాసేసిన చార్ట్‌లో అదే రోజు అదే జబ్బుకి ప్యానెల్ కూడా ఉంటే, పేయర్ ఎందుకని అడగడం సహజం.

స్వాబ్ తీసి బయటి ల్యాబ్‌కి పంపితే ఆ పరీక్ష క్లినిక్‌ది కాదు. మెడికేర్‌లో పరీక్ష చేసిన ల్యాబే బిల్ చేయాలి. స్వాబ్ తీయడం విజిట్‌లో భాగం, విడిగా డబ్బు రాదు. చార్ట్‌లో ఫలితం ఉంది కదా అని కోడ్ వేసే ముందు అది ఎవరి మైక్రోస్కోప్, ఎవరి మెషీన్ అని చూసుకోవాలి.

జబ్బు పేరు ఎప్పుడు రాయాలి

డయాగ్నసిస్ వైపు తేలికే, ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే. ఔట్‌పేషెంట్‌లో 'అనుమానం', 'అయి ఉండొచ్చు', 'రూల్ అవుట్' అన్నవాటికి జబ్బు కోడ్ వేయకూడదు. ఇన్‌పేషెంట్ కోడింగ్‌లో డిశ్చార్జ్ నాటికి 'ప్రాబబుల్' అని ఉంటే వేస్తాం. అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. స్వాబ్ పంపి, ఫలితం రాకముందే పేషెంట్ వెళ్లిపోతే లక్షణాన్నే కోడ్ చేయాలి. స్రావానికి ఎన్89.8, యోని బయటి భాగం దురదకి ఎల్29.2. ల్యాబ్ కాగితం చూసి మనమే జబ్బు పేరు రాయకూడదు, ప్రొవైడర్ రాయాలి.

తేలిపోయిన జబ్బులకు: ట్రైకోమోనాస్ అయితే ఏ59.01. క్యాండిడా అయితే 2022 అక్టోబర్ 1 నుంచి పాత బీ37.3 చెల్లదు. తీవ్రంగా కొత్తగా వచ్చినదైతే బీ37.31, మళ్లీ మళ్లీ వచ్చేదైతే బీ37.32. చేతికి అలవాటైన పాత కోడ్ ఇంకా వేసేవాళ్లను నేను చూశాను. బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కి ఎన్76.0, దాని తోడుగా ఏ క్రిమి అన్నదానికి బీ96.89. గర్భిణి అయితే లెక్క మారి ఓ23.5 వరసలోకి వెళ్లాలి. అక్కడ ఏ నెలల్లో ఉందన్నది కూడా కోడ్‌లోనే ఉంటుంది. ఏడాదికోసారి చేసే చెకప్‌కి వచ్చిన పేషెంటే ఈ బాధ చెప్పి, డాక్టర్ దానికి విడిగా పని చేస్తే, ఆ విడి పనికి వేసే విజిట్ కోడ్‌కి 25 మోడిఫయర్ పెట్టాలి. ల్యాబ్ కోడ్‌కి కాదు.

మళ్లీ మన చార్ట్ దగ్గరికి వద్దాం. ప్రైవేటు పేయర్, క్లినిక్‌కి పీపీఎం సర్టిఫికెట్ అనుకుంటే 87210, 83986 క్యూడబ్ల్యూ, వాటికి ఎన్76.0, బీ96.89. మెడికేర్ అయితే 87210 బదులు క్యూ0111, కేఓహెచ్‌కి క్యూ0112. 87220 ఎక్కడా లేదు. 82120 నేను వేయలేదు. జవాబు ఇంతే అనుకుని అందరూ పెన్ను మూసేస్తారు.

అప్పుడు చార్ట్ రెండో పేజీ ఇస్తాను. నోట్ కింద సంతకం డాక్టర్‌దే. ల్యాబ్ ఫలితాల వరస పక్కన మాత్రం చిన్న అక్షరాల్లో ఇంకో ఇనీషియల్స్ ఉంటాయి. పైన స్టాఫ్ పేర్ల దగ్గర వెతికితే అవి ఒక మెడికల్ అసిస్టెంట్‌వి. ఆమె ఫలితాన్ని సిస్టమ్‌లో ఎక్కించిందా, స్లైడ్ చూసిందా అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. పీహెచ్ కోడ్‌కి అడ్డం లేదు, ఎవరు చూసినా చెల్లుతుంది. వెట్ మౌంట్ కోడ్‌ని మాత్రం పక్కన పెట్టి, ప్రొవైడర్‌కి ఒక్క లైను క్వెరీ పంపాలి: స్లైడ్ మైక్రోస్కోప్ కింద చూసింది ఎవరు?